తలుపు బయట మిగిలిన ఎమ్మెల్యే

పొద్దుటి పేపరు మా ఇంట్లో ముందుగా నా చేతికే వచ్చేది. మావారు వామన్‌రావు ఎమ్మెల్యే అయినా తెలుగు అక్షరాలతో ఆయనకు సరైన స్నేహం కుదరలేదు. ఆయనది పాత హైదరాబాదు చదువు. బడీ, వకీలు పరీక్షా అన్నీ ఉర్దూలోనే. తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. నేను బడి మొహం చూడనిదాన్ని. ఉస్మాన్‌గంజ్ దుకాణాల్లో పప్పూ బెల్లమూ కట్టి ఇచ్చిన కాగితాలు విప్పి, అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ చదవడం నేర్చుకున్నాను. అందుకని 1957లో ఆయన మొదటిసారి గెలిచినప్పటి నుంచీ పేపరు చదివి వినిపించడం, చింతలగట్టు తాలూకా నుంచి వచ్చే అర్జీలు చదివి చెప్పడం నా పని అయింది.

1966 మార్చిలో ఒక పొద్దున ఆయన మా ఇంటి ముందు వసారాలో, మేమనే దాలాన్‌లో, కూర్చుని చాయ్ తాగుతున్నారు. నేను అసెంబ్లీ విశేషాలు చదువుతున్నాను.

"నిన్న సభలో ఓటింగు గంట మోగుతుండగా ఇద్దరు సభ్యులు తలుపు దగ్గర ఎదురుపడ్డారు. ఒకరు పాలక పక్షం, మరొకరు ప్రతిపక్షం. మీరు పదండంటే మీరు పదండని ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ నిలబడ్డారు. ఈలోగా గంట ఆగింది, తలుపులు మూశారు. ఇద్దరూ బయటే ఉండిపోయారు."

చదివి నేను నవ్వాపుకోలేకపోయాను.

"ఎవలోగని భలే పిచ్చోళ్ళున్నరండి" అన్నాను.

మావారు నవ్వలేదు. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుతున్నారు. ఎంతకీ తాగరు, ఊదుతూనే ఉన్నారు. అది ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది.

"మీరేనా?" అన్నాను.

"పేర్లు రాసిన్రా?"

"రాయలే."

"మంచి పేపరు" అన్నారాయన.

రెండో ఆయన ఎవరో నేను అడగలేదు. శ్యామ్‌సుందర్‌గారే. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక వాళ్ళ ఇల్లు. ఇద్దరూ నాంపల్లి కోర్టులో కలిసి వకాలత్ చేసినవాళ్ళు. శ్యామ్‌సుందర్‌గారు ఏ పార్టీలోనూ చేరకుండా సొంతంగా నిలబడి గెలిచారు. సభలో మంత్రులను పట్టుకుని ఏడిపించేవారు. మావారేమో పాలక పక్షంలో వెనక వరసలో కూర్చునేవారు. లోపల ఎంత ఎదురెదురుగా కూర్చున్నా సాయంత్రానికి శ్యామ్‌సుందర్‌గారు చాయ్‌కి మా ఇంటికి రావలసిందే.

ఇద్దరూ కలిసి వచ్చిన రోజు నాకు తిప్పలు. తలుపు దగ్గర ముందు మీరంటే ముందు మీరని ఆగిపోయేవారు.

"పెహ్లే ఆప్."

"నహీ నహీ, ఆప్ బడే హై."

"ఘర్ ఆప్‌కా హై, మేమాన్ మై హూఁ. ఇల్లుగలాయన ముందు పోవాలె..."

"ఎవలో ఒకలు కదలుండ్రి, చాయ్ సల్లగైతుంది!" అని నేను లోపలి నుంచి కేకవేసేదాన్ని. ఒకసారి వాళ్ళిద్దరి మధ్య నుంచి పక్కింటి మేక దర్జాగా లోపలికి వచ్చి నేను ఎండబెట్టిన వడియాలన్నీ తినేసింది. ఆ మేకకు వీళ్ళిద్దరూ దారి ఇచ్చారు కూడా.

ఇంట్లో నవ్వుకున్నది సభలో నవ్వులాట కాదని మావారు ఆ పూట నాకు చెప్పారు. ముందురోజు ప్రతిపక్షం, ప్రభుత్వం అడిగిన సొమ్ములో తగ్గించాలని కోత తీర్మానం పెట్టింది. అది గెలిస్తే ప్రభుత్వం పరువు పోతుంది. సరిగ్గా అప్పుడే పాలక పక్షం వాళ్ళు చాలామంది ఎక్కడెక్కడో ఉన్నారు. ఓడిపోయే అంచుకు వచ్చి బయటపడ్డారు.

"మీ ఒక్క ఓటు లేకుంటె ఏమాయె? ఓడలే గద?"

"ఓడలే. కని భయపడ్డరు. భయపడ్డోడు ఊకోడు వసూ."

అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను మొదటి నుంచీ భయస్తురాలినే. ఆయన గౌలిగూడ బస్సెక్కి తాలూకాకు వెళ్ళిన ప్రతిసారీ, రిక్షా గల్లీ మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, ఆ తర్వాత కూడా ఆ మలుపునే చూస్తూ ఉండేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఉన్నది ఆయన, ఆ దాలాన్, దాలాన్‌లోకి వచ్చిపోయే జనం.

ఆ జనం గురించి చెప్పాలి. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయి ఇల్లు. ముందు పొడుగాటి దాలాన్. చింతలగట్టులో దవాఖాన లేదు. తాలూకాలో ఎవరికి జబ్బు చేసినా బస్సెక్కి పట్నం రావలసిందే. వచ్చినవాళ్ళు మా దాలాన్‌లో శత్రంజీలు పరుచుకుని పడుకునేవారు. నేను అన్నం వండేదాన్ని. మావారు వాళ్ళను వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయేవారు. కొందరు నయమై తిరిగి వెళ్ళేవారు. కొందరు దవాఖానకు వెళ్ళి మళ్ళీ రాలేదు. వాళ్ళ చెంబులు, మూటలు మాత్రం మా దాలాన్‌లో మిగిలిపోయేవి. అయినవాళ్ళు వచ్చి తీసుకుపోయేదాకా నేను వాటిని కదపలేకపోయేదాన్ని. వాటి చుట్టూ ఊడ్చేదాన్ని.

1958 వానాకాలంలో పూలమ్మ, ఆమె భర్త భూమయ్య వాళ్ళ చిన్నకూతురిని తీసుకొచ్చారు. తొలి కాన్పు. ఊళ్ళో నొప్పులు పడి పడి కాన్పు కాక, బండిమీద బస్సు దాకా, బస్సులో గౌలిగూడ దాకా తెచ్చారు. గౌలిగూడ నుంచి పెద్ద దవాఖాన దగ్గరే. కానీ వాళ్ళు దవాఖానకు పోలేదు. రిక్షా కట్టించుకుని మా ఇంటికి వచ్చారు. ఎమ్మెల్యే చిట్టీ రాసిస్తే తప్ప పట్నం దవాఖానలో లోపలికి రానివ్వరని వాళ్ళు అనుకున్నారు. ఊళ్ళో అందరూ అలాగే అనుకునేవారట. వాళ్ళ ధైర్యం కోసం మావారు చిట్టీ రాయడానికి కలం తీశారు. ఆ పిల్ల మా దాలాన్‌లో, నా చేతి మీద పోయింది.

"చిట్టీ ఎందుకమ్మా, చిట్టీ ఎవలడుగుతరు!" అని మావారు పూలమ్మ ముందు నేలమీద కూలబడి ఏడ్చారు. ఆయన ఏడవడం అంతకుముందు నేను చూడలేదు.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే పట్టు. చింతలగట్టులో దవాఖాన. ఎవరు మంత్రి అయినా, ఏ బడ్జెట్టు వచ్చినా ఆయన లేచి అదే అడిగేవారు. సభలో ఆయనకు 'దవాఖాన రావు' అని పేరు పెట్టారు. రెండోసారి గెలిచాక పని మొదలైంది. గోడలు కిటికీలు దాటి లేచాయి. అంతలో యుద్ధం వచ్చి ఖర్చులు తగ్గించాలన్నారు. పని ఆగింది. కప్పు లేని గోడల మధ్య మేకలు పడుకుంటున్నాయని పూలమ్మే చెప్పింది. పూలమ్మ ప్రతి యేడూ చింతచిగురు సంచి పట్టుకుని వచ్చేది. సంచి దించకముందే అడిగేది.

"దవాఖాన ఏడిదాకొచ్చిందమ్మా?"

"ఇంకో యేడు" అనేదాన్ని.

"గట్లనే" అనేది. ఇంకేమీ అనేది కాదు.

ఇప్పుడు ఆయనకు మూడోసారి టికెట్టు రాకపోతే ఆ గోడలు అలాగే ఉండిపోతాయి. కొత్తగా వచ్చే మనిషికి తన పట్లు తనకుంటాయి. నా గుబులంతా అదే.

చలికాలం మొదట్లో, టికెట్ల మాటలు జోరుగా సాగుతున్నప్పుడు, ఒక మధ్యాహ్నం శ్రీరామమూర్తిగారు మా ఇంటికి వచ్చారు. ఆయన కృష్ణా జిల్లా మనిషి. పాలక పక్షం విప్. అంటే తమ సభ్యులందరూ వేళకు వచ్చి ఓటు వేసేలా చూసుకునే బాధ్యత ఆయనది. చెడ్డవాడు కాదు. నేను లోపలి గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"అమ్మా, కాఫీ ఉంటే కాస్త ఇప్పించండి. ఇన్నేళ్ళయినా మీ చాయ్ నాకు అలవాటు కాలేదు" అని కుర్చీలో కూర్చున్నారు. "వామన్‌రావుగారూ, నేను చుట్టూ తిప్పి చెప్పను. మీ టికెట్టు చిక్కుల్లో ఉంది. ఒక్క కాగితం రాసివ్వండి చాలు. శ్యామ్‌సుందర్‌గారు తలుపు దగ్గర నన్ను అడ్డగించారు, అందువల్ల ఓటు వేయలేకపోయాను. అంతే. టికెట్టు నేను తెచ్చిపెడతాను."

"ఆయన అడ్డగించలేదు గద."

"మీరు లోపలికి వెళ్ళలేకపోయారా, లేదా?"

"పోలే."

"మీకూ తలుపుకీ మధ్య ఎవరున్నారు?"

"ఎవలు లేరు. ఆయన పక్కకు నిలబడి నన్ను పొమ్మంటున్నడు."

"మరి వెళ్ళొచ్చుగదండీ!"

"పెద్దమనిషి నిలబడి ఉంటే ఎట్ల పోత? ఆయన నాకంటె పెద్దోడు."

శ్రీరామమూర్తిగారు నా వైపు చూశారు. "అమ్మా, మీరైనా చెప్పండి" అన్నట్టు. నేను కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, తల వంచుకుని వెనక్కి వచ్చాను. నాకూ అదే చెప్పాలని ఉంది.

అంతలో వీధి గుమ్మంలో చప్పుడు. శ్యామ్‌సుందర్‌గారు, ఎప్పటి టోపీ, ఎప్పటి షేర్వాణీ. లోపల విప్‌ను చూసి ఒక్క క్షణం ఆగి, వచ్చి కూర్చున్నారు. శ్రీరామమూర్తిగారు దాచలేదు. వచ్చిన పని ఆయన ముందే చెప్పేశారు.

"దస్తఖత్ కర్ దో వామన్, సంతకం పెట్టు!" అన్నారు శ్యామ్‌సుందర్‌గారు వెంటనే. "నా మీద పెట్టు. నాకేమైతది? నా పార్టీల నేనొక్కణ్ణే, నన్ను తీసేసెటోడెవడు?"

"మీరు ఊకోండి. తప్పు నాది. ముందుగాల ఆగింది నేను."

"అబద్ధం. ముందు ఆగింది నేను. నిన్ను చూసి ఆగిన."

"మీరు ఆగకముందే నేను ఆగిన. నాకు యాదికున్నది."

"నీకేం యాది ఉంటది? నేను సలామ్ చేసిన, అప్పుడు నువ్వు ఆగినవు!"

శ్రీరామమూర్తిగారు కాఫీ గ్లాసు కింద పెట్టి నుదురు తుడుచుకున్నారు. "అయ్యా, ఆ రోజు తలుపు బయట చేసిందే ఇప్పుడు తలుపు లోపల చేస్తున్నారు మీరిద్దరూ."

శ్యామ్‌సుందర్‌గారు ఆయన వైపు తిరిగారు. "మూర్తి సాబ్, ఈ కాగజ్ తీసుకుని మీరు ఏం జేస్తరో నాకు తెల్సు. సభ్యుణ్ణి అడ్డుకున్నడని నా మీద ఫిర్యాదు పెడ్తరు. సభ నడుమ నిలబెట్టి మాఫీ అడిగిస్తరు. ఎలక్షన్ల ముందట పేపర్లల్ల వేయిస్తరు. ఔనా కాదా?"

"ఔనండి" అన్నారు శ్రీరామమూర్తిగారు. నిజాయితీపరుడే.

"అడుగుత మాఫీ. వామన్, కలం తియ్."

మావారు కలం తియ్యలేదు. "చాయ్ తాగుతరా?" అని అడిగారు. శ్రీరామమూర్తిగారు లేచి చెప్పులు తొడుక్కుంటూ, "ఇలాగైతే నా చేతుల్లో ఏమీ లేదండీ" అని వెళ్ళిపోయారు.

శ్యామ్‌సుందర్‌గారు కూడా వెళ్ళాక నేను ఆగలేకపోయాను.

"ఒక్క దస్తఖత్! ఆయనే పెట్టమంటున్నడు. పెట్టనీకి మీకేమైంది?"

"నీకు తెల్వదు."

"నాకు తెల్వదా? మీకు వచ్చిన ప్రతి అర్జీ నేను చదివిన. ఆ పిల్ల నా చేతి మీద పోయింది. రేపు పూలమ్మ వచ్చి ఏడిదాకొచ్చిందంటె ఏం చెప్పాలె? మా సారు తలుపు కాడ మర్యాద చేసుకుంట నిలబడ్డడు, నీ దవాఖాన అట్లనే పడున్నది అని చెప్పాల్నా?"

మాట గట్టిగానే అన్నాను. ఆయన శ్యామ్‌సుందర్‌గారు లేచి వెళ్ళిన కుర్చీ సర్ది పెట్టారు.

"రేపు సాయంత్రం ఆయన చాయ్‌కి వస్తడు" అన్నారు చివరికి. "ఆయన ముంగట ఏ మొకంతోని కూసోవాలె నేను?"

"కూసోకుండ్రి! ఆయన రాకుంటె మానె!"

అనేశాను. శ్యామ్‌సుందర్‌గారు రాని సాయంత్రం ఎలా ఉంటుందో అప్పుడే కనబడింది. దాలాన్‌లో ఆయన కుర్చీ ఉంటుంది, దాని చుట్టూ నేను ఊడుస్తూ ఉంటాను. ఆ మాట ఆయనతో అనలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాను. రెండు మూడు రోజులు మా ఇంట్లో పేపరు చదవడం కూడా పొడిపొడిగా సాగింది. ఆయన వినేవారు, నేను చదివేదాన్ని, అంతే.

టికెట్టు రాదన్న కబురు తాలూకాకు మాకంటే ముందే చేరింది. ఒక పొద్దున భూమయ్య, అతని వెనక దాలాన్ పట్టనంత మంది. గౌలిగూడలో బస్సు దిగి నడిచి వచ్చారు. పూలమ్మ కూడా ఉంది.

"టికెట్ లేకుంటె లేకపాయె సాబ్" అన్నాడు భూమయ్య. "మీరు ఒట్టిగనే నిలబడుండ్రి. గుర్తు ఏదిస్తరో ఇయ్యనీ. చెప్పు గుర్తు ఇచ్చినా మేం గెలిపిస్తం."

"చెప్పు గుర్తు ఉంటదారా?" అన్నారు మావారు.

"లేకుంటె పెట్టిస్తం!"

అందరూ నవ్వారు. మావారు ఔననలేదు, కాదనలేదు. అందరికీ అన్నం పెట్టమన్నారు. అందరూ తినేదాకా వాళ్ళతో కూర్చుని ఎవరి చెరువు తెగింది, ఎవరి పిల్ల పెళ్ళి కుదిరింది అని అడుగుతూ ఉన్నారు. ఆయన ముఖం చూస్తే నాకు అర్థమైంది, ఏదో లెక్క వేసుకుంటున్నారని. కోర్టులో గట్టి కేసు దొరికినప్పుడు ఆయన అలాగే మెత్తగా మాట్లాడేవారు.

మరుసటి రోజే శ్రీరామమూర్తిగారు మళ్ళీ వచ్చారు. ఈసారి కాఫీ అడగలేదు.

"ఏమిటండీ, స్వతంత్రంగా నిలబడతారట?"

"జనం నిలబడమంటున్నరు."

"మీరేమంటున్నారు?"

"నేనింక ఏమనలే."

"మీరు నిలబడితే మా అభ్యర్థి ఓడిపోతాడు. ఆ మాట మీకూ తెలుసు, మాకూ తెలుసు."

"ఔ" అన్నారు మావారు. "మూర్తిగారు, దవాఖాన గోడలు లేచి నిలబడ్డయి. యుద్ధమని ఆపిన్రు. యుద్ధం అయిపోయింది. కప్పు పడలే."

"ఆ సొమ్ము వచ్చే బడ్జెట్లో..."

"వచ్చే బడ్జెట్‌ల నేనుండ. మీ కొత్తాయన ఉంటడు, ఆయనకు ఈ ఫికర్ ఉంటదో లేదో. గందుకే చెప్తున్న. కప్పు పడ్డనాడు నేను నిలబడుతలేనని పేపరోళ్ళకు చెప్త. మీ మనిషి కోసం ఊరూరు తిరిగి ఓటు గూడ అడుగుత. కప్పు పడకుంటె ఏం చెప్ప. నామినేషన్ల ఆఖరి దినం దాకా చెప్ప."

శ్రీరామమూర్తిగారు ఆయనను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"మిమ్మల్ని మర్యాదస్తులని ఎవరండీ అన్నది?"

"అందరు అంటరు" అన్నారు మావారు.

శ్రీరామమూర్తిగారు పెద్దగా నవ్వారు. అప్పుడు కాఫీ అడిగారు. నేను పాలు పొయ్యిమీద పెట్టి నిలబడ్డాను కానీ, అవి పొంగిపోయినా చూడలేదు. దవాఖానకు కప్పు వస్తుంది. ఆయన పొద్దున్నే టోపీ పెట్టుకుని పబ్లిక్ గార్డెన్స్ గేటు వైపు, అసెంబ్లీకి, నడిచి వెళ్ళడం ఆగిపోతుంది. రెండూ ఒక్కసారే తెలిస్తే మనిషి ఏం చెయ్యాలి?

ఆగిపోయిన కాగితాలు ఆ వారంలోనే కదిలాయి. సంక్రాంతికి ముందే కప్పు పోశారు. మావారు వెళ్ళి పొద్దంతా అక్కడే నిలబడ్డారట. మరుసటి రోజు ఇల్లు చేరేసరికి షేర్వాణీ నిండా సిమెంటు. నేను దులుపుతుంటే, "జర ఉండనియ్" అన్నారు.

పేపర్లో వచ్చిన మాట నేనే చదివి వినిపించాను. "వయసు రీత్యా ఈసారి పోటీ చేయడం లేదని శ్రీ వామన్‌రావు ప్రకటించారు."

"వయసా?" అని ఆయన చాయ్ పక్కన పెట్టారు. "వయసు అని నేనన్ననా? యాభై దాటంగనే వయసా? ఏం పేపరది?"

"మొన్న మంచి పేపరన్నరు."

"మొన్న మంచిదే ఉండె."

భూమయ్య వచ్చి మొదట మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. "మమ్ముల ఒక్క మాట అడగక సీటు ఇచ్చేసిన్రు సాబ్. మేం ఓట్లు పట్టుకుని కూసున్నం" అని గుమ్మం బయటే నిలబడ్డాడు. మావారు బతిమాలినా లోపలికి రాలేదు. పూలమ్మ అతని వెనక నుంచి ముందుకొచ్చింది.

"కప్పు పడ్డది. నేను నిచ్చెన ఎక్కి చూసొచ్చిన" అంది భర్తతో. "ఇంక నీ ఓటు ఎవలకేస్తె ఏంది? కాళ్ళు కడుక్కొని కూసో. అమ్మ అన్నం పెడ్తది."

కూర్చున్నాడు. తిన్నాడు కూడా. కానీ మావారితో మాట్లాడటానికి అతనికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఆ ఎన్నికల్లో శ్యామ్‌సుందర్‌గారు ఓడిపోయారు. ఇద్దరూ పాత నల్లకోట్లు దులిపి మళ్ళీ నాంపల్లి కోర్టుకు వెళ్ళడం మొదలుపెట్టారు. కేసులు అంతంతమాత్రమే. చాయ్ మాత్రం ఎప్పటిలాగే.

దవాఖాన తెరిచిన రోజు మేమిద్దరం గౌలిగూడ నుంచి బస్సులో వెళ్ళాం. వేదిక మీద మంత్రి, కొత్త ఎమ్మెల్యే. మేము జనంలో కూర్చున్నాం. కొత్త ఎమ్మెల్యే చాలాసేపు మాట్లాడాడు, మావారి పేరు ఎత్తలేదు. సభ అయ్యాక గోడకు బిగించిన రాతి పలక దగ్గరికి వెళ్ళి నేను పై నుంచి కింది దాకా ఒక్కొక్క అక్షరం చదివాను. మంత్రి పేరుంది. కొత్త ఎమ్మెల్యే పేరుంది. ఇంజనీరు పేరు, గుత్తేదారు పేరు కూడా ఉన్నాయి. మళ్ళీ చదివాను.

"మీ పేరు లేదు" అన్నాను.

"ఎన్ని మంచాలని రాసిన్రు?"

"ముప్పై."

"సరిగ్గనే రాసిన్రు" అని ఆయన లోపలికి నడిచారు. మంచాల మధ్య నుంచి మెల్లగా వెళుతూ ఒక్కొక్క దాని ఇనుప కమ్మీ పట్టుకుని ఊపి చూశారు, సంతలో బండి కొనేవాడిలా. మెదక్ నుంచి వచ్చిన బెత్సీ అనే చిన్న వయసు డాక్టరమ్మ ఆయనను చూసి, "తాతా, మంచాలు కదపొద్దు. జబ్బుంటే అక్కడ వరసలో నిలబడు" అంది. ఆయన "అచ్ఛా డాక్టరమ్మా" అని వెళ్ళి నిజంగానే వరసలో నిలబడ్డారు. రక్తపోటు ఉందని ఆ రోజే తెలిసింది. ఉప్పు తగ్గించమని ఆ పిల్ల గట్టిగా కోప్పడింది. నేను ఎన్నేళ్ళుగా చెప్పినా వినని మనిషి చేతులు కట్టుకుని విన్నారు.

తర్వాత మా దాలాన్‌కు జనం రావడం తగ్గిపోయింది. మొదట వారానికొకరు, తర్వాత అదీ లేదు. శత్రంజీలు ఉతికి మడిచి లోపల పెట్టాను. మంచిదే కదా అనుకునేదాన్ని. అయినా గల్లీలో రిక్షా ఆగిన చప్పుడు వినిపిస్తే చేతిలో పని వదిలి గుమ్మం వైపు చూసేదాన్ని, ఎవరిని మోసుకొచ్చారో అని.

ఒక జనవరిలో అలాగే రిక్షా ఆగింది. చూస్తే పూలమ్మ. ఒక్కతే. నేను చేతిలోని చేట అక్కడే వదిలేసి పరుగెత్తాను.

"ఎవలకు బాగలేదు?"

"ఎవలకేం కాలే."

"భూమయ్యకా?"

"ఆయనకేమైతది? గుండ్రాయి లెక్కున్నడు."

"పెద్దబిడ్డకా? చెప్పు పూలమ్మా, దాచకు!"

"పెద్దబిడ్డకు కొడుకు పుట్టిండు. మన దవాఖానలనే. డాక్టరమ్మ నన్ను లోపలికి రానియ్యలే, లొల్లి చేస్తున్నవు బయట నిలబడు అన్నది." పూలమ్మ సంచి దించి నా ముఖంలోకి చూసింది. "ఊకెనే వచ్చినమ్మా. నుమాయిష్ చూద్దామని."

"ఏంది?"

"నుమాయిష్. ఊళ్ళె పోరగాండ్లంత చూసొచ్చిన్రు. నేను గిన్ని సార్లు పట్నం వస్తి, గౌలిగూడ చూసిన, దవాఖాన చూసిన, మీ దాలాన్ చూసిన. గంతే. ఇంకేం చూడలే."

నుమాయిష్ అంటే పట్నంలో యేటా జనవరిలో జరిగే ఎగ్జిబిషన్. మా ఇంటికి నడిచి వెళ్ళేంత దగ్గర. నేనూ వెళ్ళి చాలా యేళ్ళయింది. మావారు ఆ రోజు కోర్టు ఎగ్గొట్టి మమ్మల్నిద్దరినీ తీసుకెళ్ళారు. పూలమ్మ కాశ్మీరు శాలువాల దుకాణంలో ప్రతి శాలువా చెంపకు ఆనించి చూసింది, ఒక్కటీ కొనలేదు. దుకాణదారు విసుక్కుంటే, "నీదేమన్న అరుగుతుందా?" అని అడిగింది. గాజుల దగ్గర మాత్రం చేతినిండా ఎక్కించుకుంది, నాకూ ఎక్కించింది. పెద్ద రంగులరాట్నం చూసి ఎక్కుతానని పట్టుబట్టింది.

"వద్దే, పడ్తవు" అన్నాను.

"పడితె దవాఖాన లేదా?" అంది.

అది పైకి లేస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. పైనుంచి ఆమె కేకలు వినిపిస్తున్నాయి. "సాబ్! మీ అసెంబ్లీ కానొస్తుంది! తెల్లగున్నది!" అని అరుస్తోంది. మావారు తల పైకెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏ దిక్కు? ఏ దిక్కు?" అని కింద నుంచి అడుగుతున్నారు.

మర్నాడు ఆమెను గౌలిగూడలో బస్సెక్కించాం. ఇన్నేళ్ళుగా అక్కడ ఎవరిని పంపినా వాళ్ళ చేతిలో మందుల పొట్లం పెట్టి, ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పి, మళ్ళీ చెప్పి, బస్సు కదిలేదాకా అదే చెబుతూ ఉండేదాన్ని. ఆ రోజు చెప్పడానికి ఏమీ లేదు. కిటికీ పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

"మల్ల యేడు గూడ ఉంటదా, గది?" అంది పూలమ్మ.

"ఉంటది. ప్రతి యేడుంటది."

"ఐతె ఆయనను గూడ తోల్కొస్త. రాట్నమెక్కిస్తె ఆ బిగువు జర తగ్గుతది."

మావారు నవ్వారు. బస్సు కదిలింది. గాజుల చెయ్యి కిటికీ బయటికి పెట్టి ఊపుతూ ఉంది పూలమ్మ. లోపలికి తీసుకో, తగులుతుంది అని అరిచాను, ఆమెకు వినబడలేదు.

"ఎందుకు గంత పరేశాన్? అందరు మంచిగున్నరు గద" అన్నారు మావారు.

"ఔ, మంచిగనే ఉన్నరు" అన్నాను. అందరూ బాగున్నప్పుడు కూడా బస్సు కదిలితే నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాదని ఆ రోజే తెలిసింది. ఆయన పోదాం పా అన్నారు. జర ఆగమన్నాను. ఆయన నా పక్కన నిలబడ్డారు, బస్సు మలుపు తిరిగేదాకా.